చూసేవాళ్లే పంపే టీవీ

తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రాత్రి ప్రత్యక్ష ప్రసారం చూస్తుంటే, సరిగ్గా స్వామి బయటికి వచ్చే వేళకే బొమ్మ ఆగి చక్రం తిరగడం సభ్యులందరికీ అనుభవమే. మన సైబర్‌జయలో ఇంటింటికీ ఫైబర్ లైను ఉన్నా ఇది తప్పడం లేదు. చిక్కు చాలాసార్లు మన లైనులో కాదు, అవతలి కొసలో ఉంటుంది. మామూలు పద్ధతిలో సర్వర్ ప్రతి ఇంటికీ విడిగా ఒక కాపీ పంపాలి. ఒక్కో ఇంటికి సెకనుకు 2 మెగాబిట్లు అనుకుంటే, వెయ్యి ఇళ్లకు 2,000 మెగాబిట్లు కావాలి.

ఈ భారాన్ని పంచుకునేదే పీర్-టు-పీర్ టీవీ. అన్నదానంలో ఒక్కరే వెయ్యి విస్తళ్లకు వడ్డించకుండా, అందుకున్నవాళ్లు పక్కవాళ్లకు అందించడం లాంటిది. కాకపోతే ఇక్కడ ఎంత ఇచ్చినా మన విస్తట్లోది తరగదు!

సాఫ్ట్‌వేర్ ప్రసారాన్ని సెకను, రెండు సెకన్ల ముక్కలుగా కోస్తుంది. మీరు ఛానల్ తెరవగానే ట్రాకర్ అనే కంప్యూటర్, అదే ఛానల్ చూస్తున్న కొందరి చిరునామాలు మీ యంత్రానికి ఇస్తుంది. ఆపైన యంత్రాలే మాట్లాడుకుంటాయి: నా దగ్గర ఫలానా ముక్కలున్నాయి, నీ దగ్గర ఏవి ఉన్నాయి? తెరమీదికి ముందుగా రావలసిన ముక్కను ముందు అడిగి తెచ్చుకుంటాయి. అవి కొన్ని పోగయ్యేదాకా బొమ్మ మొదలవదు. అందుకే పక్కింటి డిష్ టీవీలో వికెట్ పడ్డ కాసేపటికి గానీ మన తెరమీద పడదు. మామూలు సర్వర్‌కు జనం పెరిగితే కష్టం. ఇక్కడ పంపే చేతులూ పెరుగుతాయి, అందరూ పంపగలిగితేనే సుమా.

2004లో హాంకాంగ్‌లో పుట్టిన కూల్‌స్ట్రీమింగ్, అదే ఏడాది చైనాలో వచ్చిన పీపీలైవ్ ఈ దారిలో నడిచాయి. స్కైప్ స్థాపకులు పెట్టిన జూస్ట్ కూడా ఇలాగే మొదలై, 2008లో ఈ పద్ధతిని వదిలేసింది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు. తంటా అంతా “ఉచితంగా అన్ని తెలుగు ఛానళ్లూ” అంటూ చేతులు మారే యాప్‌లతోనే. అవి ఈ పద్ధతిలో నడిచేవైతే, మీరు చూస్తున్నామనుకుంటారు. మీ ఇంటి లైను మాత్రం ఆ అనుమతి లేని ప్రసారాన్ని ఊరూపేరూ తెలియనివాళ్లకు పంపుతూ ఉంటుంది. మలేషియాలో 2022 మార్చి 18న అమల్లోకి వచ్చిన కాపీరైట్ సవరణ ప్రకారం, అక్రమ స్ట్రీమింగ్ సాధనాలను అమ్మినా, పంచిపెట్టినా 10,000 నుంచి 2,00,000 రింగిట్ల జరిమానా, 20 ఏళ్ల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. తెలిసినవాళ్లకు అలాంటి బాక్సు తెప్పించి ఇచ్చే ముందు ఈ అంకెలు ఒకసారి చూసుకోండి.

అనుమతి ఉన్న ప్రసారమైనా, మొబైల్ డేటా మీద చూస్తే పంపినది కూడా మీ ఖాతాలోకే వస్తుంది. సెట్టింగ్స్‌లో అప్‌లోడ్‌కు పరిమితి పెట్టండి. చూడడం అయ్యాక యాప్‌ను పూర్తిగా మూసేయండి. కొన్ని యాప్‌లు తెర మూసినా వెనకాల పంపుతూనే ఉంటాయి.