ఆదం సంతతి, డార్విన్ పాఠం

బైపీసీ చదివే పిల్లలున్న ముస్లిం ఇళ్లలో ఏదో ఒకరోజు ఈ ప్రశ్న రాక తప్పదు. “అబ్బా, మనం ఆదం (అ.స.) సంతతా, కోతి సంతతా?” అప్పుడు మనం చెప్పే జవాబులు రెండే. ‘పరీక్షలో రాసెయ్, మనసుకు పట్టించుకోకు’ అన్నది ఒకటి. ‘అదంతా కుఫ్ర్’ అన్నది రెండోది. మొదటిది బిడ్డకు కపటం నేర్పుతుంది. రెండోది వాణ్ణి చదువుకో, దీన్‌కో దూరం చేస్తుంది.

ఈ వాదం మనకు కొత్తేమీ కాదు. డార్విన్ గ్రంథం 1859లో వెలువడింది. రెండు దశాబ్దాలు దాటగానే హైదరాబాదులోనే దానిపై కలం కదిలింది. అప్పట్లో నగరంలో ఉంటున్న జమాలుద్దీన్ అఫ్ఘానీని, ఇక్కడి గణిత ఉపాధ్యాయుడొకరు ‘ఈ నేచరీలంటే ఎవరు?’ అని లేఖ రాసి అడిగారు. జవాబుగా అఫ్ఘానీ 1881లో ఫార్సీలో ఒక పుస్తకమే రాశారు. అందులో డార్విన్‌ను బాగా ఎగతాళి చేశారు. ఈయన లెక్కన కొన్ని శతాబ్దాలకు దోమ ఏనుగవుతుంది, ఏనుగు దోమవుతుంది అన్నారు. అరబ్బులు, యూదులు వేల ఏళ్లుగా సున్నతి చేయిస్తున్నా ఒక్క బిడ్డా సున్నతితో పుట్టడం లేదేమని అడిగారు.

చమత్కారం బాగుంది గానీ గురి తప్పింది. శరీరానికి పెట్టిన కోత సంతానానికి సంక్రమించదు. ప్రకృతివరణం చెప్పేది వేరు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లోనూ తేడాలుంటాయి. వాటిలో పరిసరాలకు నప్పినవి ఎక్కువగా బతికి సంతానాన్ని కంటాయి. పుట్టుకతో వచ్చిన ఆ లక్షణాలే తరతరాలుగా పోగుపడతాయి. పోతే, నేటి కోతి నుంచి మనిషి పుట్టాడని ఆ శాస్త్రం చెప్పనే లేదు. ఇద్దరికీ ఎంతో వెనుక ఉమ్మడి పూర్వీకులున్నారని మాత్రమే చెబుతుంది.

ఎగతాళికి అవతలి కొసన ఇంకో అలవాటుంది. బస్రాకు చెందిన జాహిజ్ 9వ శతాబ్దంలోనే ఇదంతా రాశారని, ఇబ్న్ ఖల్దూన్ 1377లోనే కోతినీ మనిషినీ ఒకే వరుసలో పెట్టారని గొప్పలు చెప్పుకోవడం. వారు గొప్ప పరిశీలకులే, సందేహం లేదు. కానీ డార్విన్ సిద్ధాంతాన్ని వారికి అంటగట్టడం వారికీ న్యాయం కాదు.

మనకు పనికొచ్చే మాట హుసేన్ అల్ జిస్ర్‌ది. ఆయన నేటి లెబనాన్‌లోని ట్రిపోలీకి చెందిన ఆలిమ్. 1888లో ఆయన వెలువరించిన గ్రంథాన్ని ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ హమీద్ సత్కరించారు. అంటే ఇది దర్బారుకు దూరంగా ఎవరో గొణిగిన మాట కాదు. అల్లాహ్ జీవరాశిని ఒక్కసారిగా సృష్టించినా, క్రమక్రమంగా సృష్టించినా సృష్టికర్త ఆయనే అన్నది అల్ జిస్ర్ వాదన. ఖచ్చితమైన రుజువు లేనంతవరకు ఆయతుల బాహ్యార్థాన్నే పట్టుకోవాలి. తిరుగులేని రుజువు లభించిననాడు, దానికి పొసిగేలా ఆయతులను వ్యాఖ్యానించవచ్చు. ఆయన దృష్టిలో డార్విన్‌కు ఆ రుజువు ఇంకా లేదు. అయినా తలుపు మూయలేదు. ఆనాటికి జన్యుశాస్త్రమే లేదని, ఆ తర్వాతే సాక్ష్యాలు గుట్టలుగా చేరాయని గుర్తుంచుకుంటే ఆ తలుపు విలువ తెలుస్తుంది.

చిక్కంతా ఆదం (అ.స.) దగ్గరే. జంతువుల, మొక్కల పరిణామాన్ని ఒప్పుకునే ధర్మవేత్తల్లోనూ చాలామంది, తల్లీతండ్రీ లేని ప్రత్యేక సృష్టి ఆదం అంటారు. మరికొందరు మట్టి నుంచి మనిషి దాకా సాగిన సుదీర్ఘ ప్రయాణంగా ఆ వృత్తాంతాన్ని చదువుతారు. పూర్తిగా తిరస్కరించేవారూ ఉన్నారు. ఈ ముగ్గురూ ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చేస్తున్నారు.

జోర్డాన్‌లోని హాషెమైట్ విశ్వవిద్యాలయంలో రనా దజానీ అనే హిజాబ్ ధరించే జీవశాస్త్రవేత్త ముస్లిం విద్యార్థులకు పరిణామం బోధిస్తారు. ఆ అనుభవాన్ని 2015లో ‘నేచర్’ పత్రికలో రాశారు. మన దేశంలో 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామ పాఠం తొలగిపోయింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెప్పారు. ఆ పుస్తకం చదివి పది తర్వాత ఎంపీసీకో, కామర్సుకో వెళ్లే పిల్లలకు ఇక బళ్లో ఈ మాట వినబడదు. వాళ్లు కూడా అడిగేది ఇంట్లోనే, అమ్మీనో అబ్బానో.