సమాజశాస్త్రం – ప్రభుత్వ విధానం

ఆనకట్ట కట్టదలచినప్పుడు ప్రభుత్వం ఇంజనీరును సంప్రదిస్తుంది. అంటువ్యాధిని అరికట్టదలచినప్పుడు వైద్యుని అడుగుతుంది. మరి ఒక పల్లెలోని ప్రజల జీవన విధానాన్ని మార్చదలచినప్పుడు ఎవరిని అడగాలి? సమాజశాస్త్రజ్ఞుని అడగాలంటే కొందరు నవ్వుతారు. "మనుష్యులు పరీక్షనాళికలోని లవణాలు కారు గదా, వారిని గురించి శాస్త్రమేమిటి?" అని వారి ఆక్షేపణ. రసాయనశాస్త్రం బోధించే నేనుకూడ కొంతకాలం అలాగే అనుకొన్నాను. ఈ ఆక్షేపణలో ఎంత నిజమున్నదో ముందుగా ఒక చిన్న ఉదాహరణతో పరిశీలిద్దాం.

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో స్పానిష్ మాట్లాడే రైతుల గ్రామమొకటి ఉన్నది. 1946లో అక్కడ వ్యవసాయాధికారి ఒకరు సంకర మొక్కజొన్న విత్తనాన్ని ప్రవేశపెట్టినారు. 40 మంది రైతులు దానిని వేసినారు. దిగుబడి పాతరకం కంటె చాల ఎక్కువ వచ్చినది. మరుసటి ఏడు 60 మంది వేసినారు. కాని 1949 నాటికి ముగ్గురు మాత్రమే మిగిలినారు. నేల చెడినదా? లేదు. దిగుబడి తగ్గినదా? అదీ లేదు. ఆ పిండితో చేసిన రొట్టె ఇంటి ఆడవారికి నచ్చలేదు. రుచి వేరు, రంగు వేరు, పిండి సరిగా కలిసిరాలేదు. ఆ ఊళ్లో మొక్కజొన్న ముఖ్యంగా ఇంటి తిండికోసం పండించేది. విత్తనం గుణాన్ని శాస్త్రీయంగా పరీక్షించినవారు వంటింటి మాట ముందుగా విచారించలేదు. విచారించి ఉంటే ఆ ప్రయత్నం వ్యర్థమయ్యేది కాదు. ఇట్లా విచారించడం కూడ శాస్త్రంలో భాగమే.

ఇక మన దేశం సంగతి. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకం ప్రారంభమైనది. పథకాన్ని నడిపేవారే దాని ఫలితాన్ని కొలిస్తే పక్షపాతానికి తావుంటుంది గనుక, ఆ పని చూడడానికి ప్రణాళికా సంఘం అదే నెలలో వేరుగా ఒక మూల్యాంకన సంస్థను నెలకొల్పినది. విశ్వవిద్యాలయాలలోని పరిశోధకులుకూడ పల్లెలకు వెళ్లినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన శ్యామాచరణ్ దూబే హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేట గ్రామాన్ని పరిశీలించి 1955లో గ్రంథం ప్రకటించినారు. తరువాత ఉత్తరప్రదేశ్ పడమటి భాగంలోని గ్రామాలలో సమాజ వికాస పథకం ఏ విధంగా నడుస్తున్నదో చూచి 1958లో మరొక గ్రంథం వ్రాసినారు. వ్యవసాయ విస్తరణవల్ల కలిగిన మేలులో సుమారు 70 శాతం ఊరి పెద్దలకు, కలిగిన రైతులకే చేరినదని అందులో తేల్చినారు.

ఎందుకిట్లా జరిగినది? కాగితంమీద పథకం ఊరందరికీ సమానమే. కాని మేలురకం విత్తనం వేయడానికి ముందు భూమి ఉండాలి. గ్రామసేవకుడు ఊళ్లో పని సాగించుకొనడానికి పెద్దల ఆదరణ కావాలి. కాబట్టి అతడు ముందుగా వారి గడపే తొక్కుతాడు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ ఉండనక్కరలేదు. ఊరి కట్టుబాటే ప్రయోజనాన్ని ఒక వైపుకు మళ్లిస్తుంది. వాలు ఎటు ఉంటే నీరు అటే పారినట్లు, ప్రభుత్వం ఇచ్చే ధనంకూడ సమాజంలోని వాలును బట్టి పారుతుంది. ఆ వాలు ఎటున్నదో చూపడమే సమాజశాస్త్రం పని.

1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం, పథకంలో ప్రజల ప్రమేయం చాలదని చెప్పి, ఎన్నికైన స్థానిక సంస్థలకు అధికారం ఇవ్వవలెనని సిఫారసు చేసినది. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నవంబరు 1 నుండి పంచాయతీరాజ్ అమలులోకి వచ్చినది. ఇదంతా సమాజశాస్త్రజ్ఞుల మాటవల్లనే జరిగినదనడం అతిశయోక్తి. పైగా కొత్త సంస్థలలోకూడ చాలచోట్ల పాత పెద్దలే కూర్చున్నారు. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభాను బట్టి, స్త్రీలకు మూడవ వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించినది.

ఇక్కడ ఒక హద్దు గుర్తించాలి. మేలు ఎవరికి చేరుతున్నదో, ఎందుకు చేరడం లేదో శాస్త్రం చెప్పగలదు. ఎవరికి చేరవలెనో శాస్త్రం నిర్ణయించదు. అది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. ప్రజలు, వారి ప్రతినిధులు తేల్చవలసినది. తన అభిమతాన్నే శాస్త్రమని చెప్పే పండితుడు ఎంత ప్రమాదకరమో, తెలిసిన సత్యాన్ని అడ్డుపెట్టి అణచే అధికారికూడ అంతే ప్రమాదకరం. కాబట్టి పరిశోధన ఫలితాలు ప్రభుత్వానికి రుచించినా, రుచించకపోయినా బహిరంగంగా వెలువడాలి.

1952 నాటి ఆ మూల్యాంకన సంస్థ 2015లో మరొక సంస్థలో విలీనమైనది. పేర్లు మారవచ్చు, ప్రశ్న మాత్రం మారదు. పథకానికి ఎంత ఖర్చైనదని అడగడం సులభం. ఊరి చివరి ఇంటికి అందులో ఏమి చేరినదని అడగడమే కష్టం. ఆ రెండవ ప్రశ్నను పథకం ముగిసిన తరువాత కాక, ఆరంభానికి ముందే అడగడం అలవాటైననాడు, సమాజశాస్త్రం ప్రభుత్వానికి సలహా ఇవ్వవచ్చునా అనే సందేహానికి తావుండదు.