బిళ్ల మానకండి

లుకేమియా అనగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. కాని అన్ని లుకేమియాలూ ఒకటి కావు. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధన చేశారు. ఆయన బృందం తయారుచేసిన మందుకే 1947-48లో పిల్లల లుకేమియా మొదటిసారిగా కొన్నాళ్లపాటు లొంగింది. అది వేగంగా ముదిరే రకం. పెద్దవాళ్లకు నిదానంగా వచ్చే రకం మరొకటుంది. దాని పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. ఇవాళ దాన్ని గురించి చెప్పుకుందాం.

రక్తంలో తెల్లకణాలు మామూలుగా ఒక ఘనపు మిల్లీమీటరుకు 4,000 నుంచి 11,000 దాకా వుంటాయి. ఈ జబ్బులో లక్ష కూడా దాటవచ్చు. నీరసం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు పట్టడం, ప్లీహం పెరిగి ఎడమ డొక్కలో బరువుగా వుండడం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం దీని లక్షణాలు. కొందరికి ఏ బాధా తెలియదు. వేరే పనిమీద రక్తపరీక్ష చేయిస్తే బయటపడుతుంది. ఇది అంటువ్యాధి కాదు, వంశపారంపర్యంగా వచ్చేదీ కాదు.

మరి ఎందుకొస్తుందంటారా? చికాగోలో డాక్టర్ జానెట్ రౌలీ అనే ఆవిడ, నలుగురు బిడ్డల తల్లి, క్రోమోజోముల ఫోటోలు కత్తిరించి ఇంట్లో భోజనాల బల్లమీద పరుచుకుని పరిశీలించేవారు. 9వ క్రోమోజోము ముక్కా, 22వ దాని ముక్కా చోట్లు మార్చుకుంటున్నాయని ఆమె 1973లో ప్రకటించారు. ఆ మార్పువల్ల, కాలువ తూము తలుపు ఎత్తి వదిలేసినట్టు, ఎముక మజ్జలో తెల్లకణాలు ఆగకుండా పుడుతూనే వుంటాయి.

ఆ తలుపును దించి పట్టుకునే బిళ్ల ఇమాటినిబ్. 2001లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. విదేశీ కంపెనీ బిళ్లలకు నెలకు లక్ష రూపాయలు పైనే అయ్యే రోజుల్లో, 2003లో హైదరాబాదు నాట్కో కంపెనీవారు అదే మందును చౌకగా తెచ్చారు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు విదేశీ కంపెనీకి పేటెంటు నిరాకరించడంతో చౌక మందుకు అడ్డు తొలగింది.

ఇక అసలు మాట. బిళ్ల మొదలుపెట్టిన కొద్ది నెలల్లోనే చాలామందికి రక్తం లెక్క మామూలవుతుంది. "తగ్గిపోయింది కదా, ఇంకెందుకు?" అని కొందరు మానేస్తారు. పట్టుకున్న తలుపు వదిలేస్తే నీరు మళ్లీ రాకుండా వుంటుందా? జబ్బు వేగంగా ముదిరే దశకు చేరితే వైద్యం కష్టమవుతుంది. అంచేత రోజూ ఒకే వేళకు, అన్నం తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. వికారం, కాళ్లు లాగడం, కళ్లచుట్టూ వాపు కనిపిస్తే డాక్టరుగారితో చెప్పండి. మీ అంతట మీరు మానకండి. చెప్పిన గడువుకు రక్తపరీక్ష తప్పించకండి. బిడ్డ కావాలనుకునే స్త్రీలు ముందుగానే డాక్టరును సంప్రదించాలి. ఏళ్ల తరబడి పరీక్షలు బాగా వచ్చిన కొందరికి డాక్టర్లే కనిపెట్టి చూస్తూ మందు ఆపుతారు.

క్రమం తప్పకుండా వాడేవారిలో చాలామంది ఇంచుమించు నలుగురిలాగే నిండుగా బతుకుతున్నారు. ఇంట్లో మందుల డబ్బా వుండేది మన చేతిలోనే కదా! పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరు మీదే రోజూ బిళ్లకూ ఒక గుర్తు పెట్టండి.