చెవిన పడిన మాటలు

"వింటూ వింటూ వాడే నేర్చుకుంటాడు లెండి" అని తలిదండ్రులు అనడం తరచు వింటుంటాము. టీవీలో ఇంగ్లీషు బొమ్మల కథలు పెట్టి అమ్మ వంటింట్లోకి, నాన్న పని మీద వెళ్ళిపోతారు. పిల్లవాడు కదలకుండా గంటసేపు వింటాడు. మరి వాడికి ఎన్ని మాటలు వస్తున్నాయి?

మన పాటలనే చూడండి. మట్టల ఆదివారమున హోసన్నా అని చిన్ననాటి నుండి ఎన్నిసార్లు పాడి ఉంటాము! అర్థమేమని అడగండి, ఎక్కువమంది "స్తుతి" అంటారు. ఆ హెబ్రీ మాట మొదట ఒక మొర. "దయచేసి రక్షించుము" అని దాని భావము. జయధ్వనిగా మారినది ఆ తరువాతనే. శబ్దము మన నాలుక మీద స్థిరపడింది గాని, అర్థము ఎవరైనా చెప్పేదాకా రాలేదు.

పరిశోధకులు కూడా ఇదే గమనించారు. 2008లో వెలువడిన ఒక పరిశీలనలో జపాను కళాశాల విద్యార్థులు సులభమైన ఇంగ్లీషు కథలు చదివారు, విన్నారు. పరీక్షకు పెట్టిన కొత్త మాటలు 28. కథను కేవలం విన్నప్పుడు, సొంతంగా అర్థం చెప్పగలిగినవి సగటున ఒక్కటి కూడా లేవు. పుస్తకం చూస్తూ విన్నప్పుడు నాలుగు దాటాయి. కారణం కష్టమైనదేమీ కాదు. అచ్చులో మాటకు మాటకు మధ్య ఖాళీ ఉంటుంది. నోటి నుండి వచ్చేటప్పుడు అన్నీ కలిసి ప్రవాహంలా పోతాయి, ఆగి వెనక్కి చూసే వీలుండదు.

అలాగని వినడం దండగ అనుకోకండి. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళిన మన అన్నదమ్ములెందరో బడికి పోకుండానే హిందీ పట్టుకున్నారు. అక్కడ "పానీ లావ్" అన్నవాడి చేతిలో ఖాళీ చెంబు కనబడుతుంది. అర్థం కళ్ళెదుటే ఉంటుంది, అదే మాట రోజూ పదిసార్లు వస్తుంది. అయినా చెవిని పూర్తిగా నమ్మలేము. హిందీలో శిక్షా అంటే చదువు, అవసర్ అంటే అవకాశము, ఉపన్యాస్ అంటే నవల. మనకు తెలిసిన మాటేనని తల ఊపితే భావం తారుమారవుతుంది!

ఈ తల ఊపడమే ఇంట్లో అసలు చిక్కు. తెలుగు బడి నుండి ఇంగ్లీషు మీడియంలోకి మారిన పిల్ల, టీచరు మాటలు పరిచయంగా వినబడుతున్నాయి గనుక అర్థమైనట్టే కూర్చుంటుంది. అడగడానికి సిగ్గు. ఆ సంగతి తలిదండ్రులకు మార్కులు వచ్చిన రోజున గాని తెలియదు. "నీకు ఇంగ్లీషు వచ్చు కదా" అని గద్దించేముందు, నిన్న విన్న పాఠాన్ని తెలుగులో చెప్పమనండి. ఎక్కడ ఆగిపోతుందో అక్కడే తెలియని మాట ఉంది.

న్యూజిలాండులో 1989లో వెలువడిన మరో పరిశీలన నాకు ఎంతో నచ్చింది. ఉపాధ్యాయులు పిల్లలకు కథ చదివి వినిపించారు. ఊరికే వినిపించినా కొన్ని మాటలు వచ్చాయి. మధ్యమధ్య కొత్త మాటకు అర్థం చెబుతూ చదివితే రెట్టింపుకు మించి వచ్చాయి. మన కూటములలో తర్జుమా చేసే సహోదరుడు చేసేదీ అదే. ఇంగ్లీషు వాక్యము, వెంటనే తెలుగు వాక్యము. శ్రద్ధగా వినే యౌవనస్థునికి అది రుసుము లేని బడి.

ఇంట్లోనైతే ముందే తెలిసిన కథతో మొదలుపెట్టండి. తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానాన్ని హిందీలో వినిపిస్తే, భేడ్ అంటే ఏమిటో పిల్లలే చెప్పేస్తారు. ఒక్క మాట కోసం ఆపండి, ప్రతి మాటకూ ఆపితే కథ మీద విసుగు పుడుతుంది. మీకు ఆ భాష రాకపోయినా ఫరవాలేదు. "ఇప్పుడేమన్నాడురా?" అని పక్కన కూర్చుని అడగండి. మీకు చెప్పాలని వాడు చెవి నిక్కించి వింటాడు.