జబ్బుకు ముందే పుట్టే యాంటీబాడీలు

అమెరికా సైనికుల రక్తం నుంచి తీసిన సీరమ్‌ను అక్కడి రక్షణ శాఖ ఏళ్ల తరబడి భద్రపరుస్తుంది. తర్వాతి కాలంలో లూపస్ అనే రోగనిరోధక జబ్బు బయటపడిన 130 మంది పాత నమూనాలను పరిశోధకులు వెతికి పరీక్షించారు. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం, వారిలో 115 మందికి సొంత ఒంటిమీదే గురిపెట్టే ఆటోయాంటీబాడీలు జబ్బు నిర్ధారణకు ముందే ఉన్నాయి. కొందరిలోనైతే తొమ్మిదేళ్లకు ముందే కనిపించాయి.

అంత ముందుగా ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి?

యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు ఎముక మజ్జలో పుడతాయి. ఏ క్రిమి ఎప్పుడు దాడి చేస్తుందో ఒంటికి ముందుగా తెలియదు. అందుకే ప్రతి బి కణమూ కొన్ని జన్యు ముక్కలను పేకముక్కల్లా కలిపి తనదైన యాంటీబాడీని రూపొందించుకుంటుంది. ఈ కలపడం గుడ్డిగా సాగుతుంది కాబట్టి, వాటిలో కొన్ని సొంత కణాలకే అతుక్కుంటాయి. ఆ సంఖ్య తక్కువేమీ కాదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2003లోనే లెక్కగడితే, ఆరోగ్యవంతుల మజ్జలో కొత్తగా పుట్టిన బి కణాల్లో 55 నుంచి 75 శాతం ఈ బాపతువేనని తేలింది.

మరి అందరికీ జబ్బు రాదేం? మజ్జలోనే వడపోత మొదలవుతుంది. సొంత కణాలను గట్టిగా పట్టుకునే బి కణానికి తన యాంటీబాడీని మార్చుకునే అవకాశం ఉంటుంది. మారకపోతే అది చనిపోతుంది, లేదా మొద్దుబారిపోతుంది. తప్పించుకుని బయటపడ్డవాటిలో చాలావాటికి టి కణాలనే మరో రకం రోగనిరోధక కణాల సాయం కావాలి. ఆ సాయం శ్రుతి మించకుండా రెగ్యులేటరీ టి కణాలు చూస్తాయి. వీటిపై చేసిన పరిశోధనలకే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచిలకు 2025 వైద్య నోబెల్ దక్కింది.

లూపస్‌లో ఈ కట్టడి సడలుతుంది. చనిపోయిన కణాల శిథిలాలు సకాలంలో తొలగిపోకపోతే, వాటిలోని డీఎన్ఏ, ఆర్ఎన్ఏలు బి కణాలకు తారసపడతాయి. వైరస్‌ల ఆర్ఎన్ఏను పసిగట్టాల్సిన టీఎల్ఆర్7 అనే ప్రోటీన్ సొంత ఆర్ఎన్ఏకూ స్పందించి బి కణాలను రెచ్చగొడుతుంది. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంది. స్త్రీల కణాల్లో రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రాణంగా ఉంటుంది. అయినా కొన్ని కణాల్లో ఈ జన్యువు మాత్రం రెండింటి నుంచీ పనిచేస్తుంది. లూపస్ రోగుల్లో పదింట తొమ్మిది మంది స్త్రీలే కావడానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఇలా పుట్టిన యాంటీబాడీలు డీఎన్ఏతో ముడిపడి మూత్రపిండాల్లో పేరుకుంటే వాపు మొదలవుతుంది.

ఇలాంటి యాంటీబాడీలను వెతికే ఏఎన్ఏ పరీక్షలో పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన లూపస్ ఉన్నట్టు కాదు. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ అలా రావచ్చు. తగ్గని కీళ్ల నొప్పులు, ముఖంపై ఎర్రటి దద్దుర్లు, మూత్రంలో ప్రోటీన్ వంటివి తోడైతే మాత్రం ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టును కలవాలి.