కథ ఎచ్చట ప్రారంభము కావలెను?

కథారచన నేర్చిన వచ్చు విద్యయా, పుట్టుకతో రావలసినదా అని శ్రోతలు మమ్ము తరచుగా అడుగుచుందురు. చూచు కన్నును, కరగు హృదయమును ఒకరు ఇయ్యగలవి కావు. కాని చూచినదానిలో దేనిని ఉంచవలెనో, దేనిని విడువవలెనో అభ్యాసముచే తెలియును. కథకుడు ముఖ్యముగా నేర్వవలసినది ఇదియే.

కొంతకాలము క్రిందట ఒక యువకుడు పండ్రెండు పుటల కథను మాకు పంపినాడు. నాయకుని జననము, విద్యాభ్యాసము, పట్టణములో ఉద్యోగము వరుసగా సాగినవి. నాలుగు పుటలు చదివి ప్రక్కన పెట్టబోవుచుండగా పదియవ పుటపై మా చూపు ఆగినది. కుమారుడు ఆరు మాసములుగా జాబు వ్రాయలేదు. చదువురాని తల్లి పాతజాబునే చేత బట్టుకొని పొరుగింటికి పోయి, "మా అబ్బాయి ఉత్తరం వచ్చింది బాబూ, కాస్త చదివి పెట్టండి" అని అడిగినది. ఇంత సంగతియు రెండు వాక్యములలో ముగిసినది. తక్కిన పుటలన్నియు మాతృభక్తిని గూర్చిన ఉపన్యాసము.

ఆ రెండు వాక్యములే కథ. ముందున్నదంతయు రచయిత కథను వెదకుకొనుచు నడచిన త్రోవ. ఆ త్రోవ ఆతనికి తప్పదు. పాఠకునిగూడ నడిపింప నక్కరలేదు.

గురజాడ అప్పారావుగారు 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో ప్రకటించిన 'దిద్దుబాటు'ను ఈ దృష్టితో చదివి చూడుడు. గోపాలరావు బాల్యముతోగాని, వివాహముతోగాని కథ మొదలు కాలేదు. రాత్రి ప్రొద్దుపోయి ఇల్లు చేరిన భర్త తలుపుకడ నిలిచి భార్యను పిలుచుచున్నాడు. లోపల ఆమె లేదు; ఉత్తరమున్నది. ఆతని నడవడి ఎట్టిదో ఆతని కలవరములోనే మనకు తెలియును. తుదకు మంచము క్రిందినుండి నవ్వు వినవచ్చును. రచయిత నీతిని విప్పి చెప్పలేదు. ఆ పని ఆ నవ్వే చేసినది.

క్రొత్తగా వ్రాయువారు మొదట కథనంతయు తోచినట్లు వ్రాసికొనవచ్చును. పిదప తమ మనస్సు కలుక్కుమన్న చోటు ఏదో గుర్తించి, దానికి ఒక్క అడుగు ముందు ప్రారంభింపవలెను. అటుపైని ఇంటిలో ఒకరికి బిగ్గరగా చదివి వినిపింపవలెను. వినువారు ఎచ్చట కదలిరో అచ్చట గీత గీయుడు. రేడియోకు వ్రాయువారికి ఈ పరీక్ష మరింత అవసరము. శ్రోత పుటను వెనుకకు త్రిప్పలేడు గదా!

మేము ఆ రెండు వాక్యముల క్రింద గీత గీసి, యువకునికి వ్రాతప్రతిని త్రిప్పి పంపితిమి. కొన్ని వారములకు నాలుగు పుటల కథ వచ్చినది. అది పొరుగింటి అరుగుమీదనే మొదలైనది, అచ్చటనే ముగిసినది. మొదటి ప్రతిలో లేని వాక్యము ఒకటి అందు క్రొత్తగా చేరినది: పొరుగాయన జాబునంతయు చదివి వినిపించినాడు గాని, పైనున్న తేదీని మాత్రము చదువలేదు.

ఆ వాక్యమును ఆతనికి మేము నేర్పలేదు. అడ్డము తొలగగానే అది తనంతట వచ్చినది.