అద్దండి... రుద్దకండి!

నోటిపూతకు వాడే స్టెరాయిడ్ పేస్టు చూడ్డానికి చిన్న ట్యూబే. ఏ పుండుకు రాయాలో, ఎలా రాయాలో, ఎప్పుడు ఆపాలో తెలిస్తేనే అది మందు. లేదంటే, బయటపడాల్సిన పెద్ద జబ్బును దాచిపెట్టే ముసుగు!

పెసరగింజంత పుండు. అద్దంలో చూసుకుంటే కనిపించీ కనిపించనట్టుంటుంది. కానీ ఆవకాయ కలిపిన ముద్ద ఒక్కటి నోట్లో పెడితే చాలు, కళ్లమ్మట నీళ్లొచ్చేస్తాయి. పళ్లు తోముకోవాలంటే భయం, నాలుగు మాటలు మాట్లాడాలంటే భయం.

ఇంట్లో ఎవరికి నోరు పూసినా తలో వైద్యం చెబుతారు. ‘వేడి చేసింది, మజ్జిగ తాగు’ అంటుంది బామ్మ. ‘బీకాంప్లెక్సు వేసుకో’ అంటాడు నాన్న. అవేవీ పనిచేయకపోతే మందుల షాపుకెళ్లి ‘నోటిపూతకు ఏదైనా ట్యూబు ఇవ్వండి’ అని అడగడం మామూలే. చిక్కంతా ఆ ‘ఏదైనా’తోనే!

ఏ ట్యూబు దేనికి?

నోటిపుండ్లకు షాపుల్లో దొరికే ట్యూబులు ముఖ్యంగా మూడు రకాలు. లిగ్నోకెయిన్ లాంటి మందు ఉన్నవి కాసేపు మొద్దుబార్చి నొప్పి తెలీకుండా చేస్తాయి. కోలిన్ శాలిసిలేట్ ఉన్నవి నొప్పీ వాపూ తగ్గించడానికి. ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన మందు కాబట్టి వీటిని పిల్లలకు సొంతంగా రాయకూడదు. మూడో రకం స్టెరాయిడ్ పేస్టు. ట్యూబు మీద ‘ట్రయామ్సినలోన్ ఎసిటొనైడ్ 0.1 శాతం, ఓరల్ పేస్ట్’ అని ఉంటుంది. కెనాకార్ట్ లాంటి పేర్లతో అమ్ముతారు. ఇది డాక్టరు చీటీ మీద కొనాల్సిన మందు.

‘ఓరల్ పేస్ట్’ అన్న మాట ఉందో లేదో తప్పనిసరిగా చూడాలి. గజ్జికనో తామరకనో ఇంట్లో పడి ఉన్న చర్మం క్రీముల్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు. వాటిని నోట్లో రాయకూడదు.

మందు చేసే పని

సాధారణ నోటిపూతకు సూక్ష్మక్రిములు కారణం కాదు. అందుకే అది ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి నోటి లోపలి పొర మీద దాడి చేయడంతో పుండు పడుతుంది. అన్నం తింటూ బుగ్గ కొరుక్కోవడం, గట్టి బ్రష్షు, మానసిక ఒత్తిడి, నెలసరి, ఇనుము, బి12, ఫోలిక్ యాసిడ్ లోపాలు... ఇవన్నీ దాన్ని రెచ్చగొడతాయి.

ఈ పుండ్లకో పోలిక ఉంది. గుండ్రంగానో కోలగానో ఉంటాయి. మధ్యలో పసుపు తిరిగిన తెలుపు, చుట్టూ ఎర్రటి అంచు. పెదవుల లోపలివైపు, బుగ్గల్లో, నాలుక పక్కన, నాలుక కింద మెత్తగా ఉండే చోటే ఎక్కువగా వస్తాయి. ఒక సెంటీమీటరు లోపు ఉండే చిన్న పుండ్లయితే మందు వేసినా వేయకున్నా 7 నుంచి 14 రోజుల్లో మచ్చ లేకుండా మానిపోతాయి.

మరి పేస్టు ఎందుకు? అది రోగనిరోధక వ్యవస్థ దూకుడును పుండు ఉన్నంత మేర అణచివేస్తుంది. మంట తగ్గుతుంది, పుండు త్వరగా మానుతుంది. మొదట్లోనే, అంటే చురచురమంటున్నప్పుడే మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. అయితే పూత మళ్లీ రాకుండా ఆపే శక్తి దీనికి లేదు.

స్టెరాయిడ్ పేరు వినగానే భయపడేవాళ్లూ ఉన్నారు. ఈ పేస్టు ఒక గ్రాములో ఉండే మందు ఒక్క మిల్లీగ్రామే. పుండు మీద రాసేది అందులో ఏ కొంచెమో. కొద్దిరోజులు, కొద్దిగా వాడితే ఒంట్లోకి చేరేది బహు స్వల్పం. భయం అక్కర్లేదు. అలాగని టూత్‌పేస్టులా వాడేయడమూ కుదరదు.

రాయడం ఇలా...

ఈ పేస్టులో జెలటిన్, పెక్టిన్ లాంటి జిగురు పదార్థాలుంటాయి. తడి తగిలితే ఉబ్బి, పుండుకు పట్టుకుని పైన పొరలా నిలుస్తాయి. ఆ పొర ఉన్నంతసేపే మందు పనిచేస్తుంది. కాబట్టి రాసే పద్ధతిలోనే అంతా ఉంది.

* భోజనం చేశాక నోరు పుక్కిలించి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

* శుభ్రమైన దూదితో పుండు మీది లాలాజలాన్ని మెల్లగా అద్దాలి.

* వేలి కొనమీదో, దూది పుల్లమీదో కొద్దిగా, అంటే అర సెంటీమీటరు పేస్టు తీసుకోవాలి. చిన్న పుండుకు అంతకన్నా తక్కువే చాలు.

* పుండు మీద ఆనించి మెల్లగా అద్దాలి. రుద్దకూడదు. రుద్దితే పేస్టు రవ్వరవ్వగా పొడిపొడి అయిపోయి రాలిపోతుంది. సరిగ్గా అద్దితే నున్నటి పలచని పొర ఏర్పడుతుంది.

* తర్వాత ఓ అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. నాలుకతో తడిమి చూసుకోవద్దు.

* రాత్రి పడుకోబోయే ముందు రాయడం ముఖ్యం. రాత్రంతా మందు పుండును అంటిపెట్టుకుని ఉంటుంది. నొప్పి ఎక్కువగా ఉంటే డాక్టరు సలహాతో పగలు కూడా రెండుమూడుసార్లు, భోజనాల తర్వాత రాయొచ్చు.

ఎక్కువ రాస్తే త్వరగా తగ్గుతుందనుకోవడం పొరపాటు. పొర పలచగా ఉంటేనే నిలుస్తుంది.

వీటికి మాత్రం వద్దు

స్టెరాయిడ్ సూక్ష్మక్రిములను చంపదు. పైగా వాటితో పోరాడే మన సైన్యం చేతులు కట్టేస్తుంది. అందుకే ఇన్‌ఫెక్షన్ ఉన్న నోటికి అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. పెదవి అంచున గుంపుగా లేచే నీటి పొక్కులు వైరస్ వల్ల వచ్చేవి. నాలుక మీద, బుగ్గల్లో పెరుగు తరకల్లా తెల్లగా పేరుకుని, గీస్తే ఊడొచ్చే పొర ఫంగస్ వల్ల వచ్చేది. మధుమేహం ఉన్నవారిలో, ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు వాడేవారిలో, కట్టుడుపళ్లు పెట్టుకునే పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. పిల్లలకు జ్వరంతో పాటు నోట్లో పుండ్లు, అరచేతుల్లో అరికాళ్లలో పొక్కులు కనిపిస్తే అదీ వైరస్ పనే. ఇలాంటప్పుడు ట్యూబు జోలికి వెళ్లకుండా డాక్టరుకు చూపించాలి.

మధుమేహం, క్షయ, కడుపులో పుండ్లు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఈ పేస్టు వాడొద్దు. పసిపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎక్కువ రోజులు రాస్తే నోట్లో ఫంగస్ చేరడం, లోపలి పొర పలచబడడం లాంటి ఇబ్బందులు రావొచ్చు.

పుండు మీద ఆస్పిరిన్ మాత్ర పెట్టడం, చిక్కటి లవంగనూనె పోయడం లాంటి చిట్కాలు అసలే వద్దు. అవి లోపలి పొరను కాల్చేసి చిన్న పుండును పెద్దది చేస్తాయి. దానికన్నా గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం నయం.

వారం దాటితే ఆపేయండి

వారం రోజులు పద్ధతిగా రాసినా పుండు తగ్గుముఖం పట్టకపోతే ఇంకో ట్యూబు కొనొద్దు. డాక్టరుకో, దంతవైద్యుడికో చూపించండి. విరిగిన పన్ను అంచో, వదులైన కట్టుడుపళ్లో గీరుకుంటూ ఉంటే ఎంత మందు రాసినా పుండు మానదు. ముందు ఆ పన్ను సంగతి చూడాలి. గుండెనొప్పికి వాడే నికోరాండిల్, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ లాంటి మందులతోనూ నోట్లో పుండ్లు వస్తాయి. అయితే వాటిని సొంతంగా మానేయకుండా, రాసిచ్చిన డాక్టరుకే చెప్పాలి.

అసలు భయమంతా వేరు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో మగవారికి ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ పెదవి, నోటి క్యాన్సరే. గుట్కా, ఖైనీ, జర్దాకిళ్లీ నమిలేవారికి, చుట్టబీడీలు తాగేవారికి ముప్పు ఎక్కువ. ఉత్తరాంధ్రలో చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని ‘అడ్డపొగ’ తాగే అలవాటు ఆడవాళ్లలోనూ ఉంది. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని శ్రీకాకుళం ప్రాంతంలో జరిగిన అధ్యయనాలు ఎప్పుడో తేల్చాయి.

నోటిపూత మొదటిరోజు నుంచే నొప్పి పెడుతుంది. క్యాన్సర్ పుండు తొలిదశలో చాలామందికి నొప్పే ఉండదు. అందుకే పట్టించుకోరు. కాస్త మంటగా ఉంటే పేస్టు రాస్తారు. మంట తగ్గితే నయమవుతోందనుకుంటారు. అలా ట్యూబు వెంట ట్యూబు మారుస్తూ నెలలు గడిచిపోతాయి. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే జబ్బు చేయి దాటిపోతుంది.

కాబట్టి ఏ పుండైనా మూడు వారాలు దాటి ఉండటానికి వీల్లేదు. పుండు అంచులు గట్టిగా తగులుతున్నా, నోట్లో తెల్ల మచ్చో ఎర్ర మచ్చో మానకుండా ఉన్నా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, మెడలో గడ్డ కనిపించినా అన్ని రోజులు కూడా ఆగొద్దు.

మాటిమాటికీ పూస్తుంటే...

నెలనెలా నోరు పూస్తుంటే రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. రక్తహీనత, బి12 లోపం బయటపడితే వాటికి చికిత్స తీసుకోవాలి. నురగ ఎక్కువొచ్చే సోడియం లారిల్ సల్ఫేట్ లేని టూత్‌పేస్టుకు మారితే కొందరికి పూతలు తగ్గుతాయి. నోటిపుండ్లతో పాటు కళ్లు ఎర్రబడటం, మర్మాంగాల దగ్గర పుండ్లు, కీళ్లనొప్పులు, రక్తవిరేచనాలు లాంటివి ఉంటే జబ్బు నోటిది కాదు, ఒంటిది. ఏ పేస్టూ దానికి జవాబు చెప్పదు.

ఇంట్లో ట్యూబు ఉంటే దాని మీద మొదలుపెట్టిన తేదీ రాసి పెట్టుకోండి. వారం తిరిగేసరికి పుండు మానుతూ ఉండాలి. లేదంటే ట్యూబును పక్కన పెట్టి, నోరు తెరిచి డాక్టరుకు చూపించాలి.